శ్రోతలు లేని సంగీతం

"ఎంతమంది వింటారు?" అన్న ప్రశ్నతో ఒక కళ విలువ తేల్చవచ్చునా? తేల్చవచ్చుననే చాలాకాలం నేననుకున్నాను. అనుకోవటమే కాదు, రాశాను కూడా. పియానో సంగీతాన్ని గురించి ఒక వ్యాసంలో, "ఇద్దరు వాయిస్తే ముగ్గురు వినే కళ" అని వెక్కిరించాను. ఆ మాట అప్పట్లో మిత్రులు కొందరికి నచ్చింది. ఇప్పుడు నాకే నచ్చటం లేదు.

ఈమధ్య మా అధ్యయన బృందంలో ఒక ఫిల్ము చూపించాను. 2012లో పారిస్‌లో జరిగిన కచేరీ అది. హంగేరియన్ స్వరకర్త గ్యోర్గీ కుర్తాగ్, ఆయన భార్య, ఒకే పియానో ముందు పక్కపక్కన కూర్చుని వాయిస్తారు. ఇద్దరూ 80 దాటినవాళ్ళు. ఆ పియానో కచేరీలలో కనిపించే పొడుగాటి పియానో కాదు. ఇళ్ళల్లో గోడకానించి పెట్టుకునే నిలువు పియానో. దానికొక పెడలుంటుంది. అది నొక్కితే సుత్తులకూ తీగలకూ మధ్య ఫెల్టుగుడ్డ అడ్డం పడి శబ్దం అణిగిపోతుంది. పొరుగువాళ్ళకు నిద్రాభంగం కాకుండా సాధన చేసుకోవటానికి పెట్టిన ఏర్పాటు. వీళ్ళు కచేరీలో కూడా ఆ గుడ్డ అడ్డం పెట్టుకునే వాయిస్తారు. వాళ్ళ వీపులు సభవైపూ, ముఖాలు పియానోవైపూ ఉంటాయి.

బాక్ 1707 ప్రాంతంలో చావును గురించి రాసిన కాంటాటా ఒకటుంది. దాని ఆరంభభాగాన్ని కుర్తాగ్ నాలుగు చేతులకు అనువుగా మార్చాడు. వాళ్ళు తరచుగా వాయిస్తూ వచ్చినవి అటువంటివీ, "యాతేకోక్" అన్న ఆయన స్వంత సంపుటాలలోని చిన్న చిన్న కృతులూను. యాతేకోక్ అంటే "ఆటలు". కొన్ని నిమిషం కూడా ఉండవు.

ఫిల్ము అవగానే ఒక విద్యార్థి లేచి, "బాగానే ఉందండీ, కానీ దీన్ని ఎంతమంది వింటారు?" అన్నాడు. నా మాట నాకే తిరిగొచ్చింది.

ఒకే పియానోమీద ఇద్దరు వాయించే పద్ధతి ఎవరి ఇళ్ళల్లో పెరిగిందో దాచనక్కర్లేదు. షూబర్ట్ 1818లోనూ, 1824లోనూ ఎస్టర్‌హాజీ ప్రభువుల ఇంట పిల్లలకు సంగీతం చెప్పాడు; నాలుగు చేతులకోసం 1828లో రాసిన ఎఫ్ మైనర్ ఫాంటసీని ఆ ఇంటి కూతురికి అంకితమిచ్చాడు. 19వ శతాబ్దపు యూరపులో పియానో బూర్జువా ఇంటి సామాను. ఆడపిల్లకు అది వాయించటం రావటం పెళ్ళికొక అర్హత. ఇంతవరకు నేను లోగడ రాసింది తప్పు కాదు.

నేను చూడనిది ఇంకొకటున్నది. గ్రామఫోను రాకముందు, ఆర్కెస్ట్రా లేని ఊళ్ళో ఉన్నవాడు బెతోవెన్ సింఫొనీ ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలంటే, దాన్ని పియానోకు కుదించిన ప్రతి కొనుక్కుని, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని వాయించుకోవాలి. వాళ్ళు శ్రోతలు కారు, వాయించేవాళ్ళు. వినటం వాయించటంలోనే ఉంది. గ్రామఫోనూ, రేడియో వచ్చాక వినేవాళ్ళు లక్షలయారు, చేసేవాళ్ళు పిడికెడయారు. దీన్ని పూర్తిగా లాభమనటానికి నాకిప్పుడు నోరు రావటం లేదు.

మన రోకటిపాటల సంగతి ఏమిటి? ఇద్దరాడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి ఒకే రోట్లో వడ్లు దంచుతూ పాడుకునేవాళ్ళు. ఆ పాట ఎవరు విన్నారు? దంచేవాళ్ళే. రైసుమిల్లు వచ్చి ఆ శ్రమను తప్పించింది, మంచిదే. పాట మాత్రం "జానపదం" అన్న పేరుతో రేడియో స్టేషనుకు చేరింది. అప్పుడు దానికి శ్రోతలు దొరికారు. మనం ప్రజాకళ అని గౌరవించే దానిలో చాలా భాగానికి శ్రోతలే లేరు. పాడేవాడొకడూ, డబ్బిచ్చి వినేవాడొకడూ అన్న విభజన తరువాత వచ్చింది. ఆ విభజనే సహజమనుకుని, టిక్కెట్లు లెక్కపెట్టి ప్రజాకళను నిర్ణయించబోవటం మార్క్సిజం కాదు, సినిమాహాలు మేనేజరు దృష్టి.

రోలును ఊరికే తేలేదు. ఒకరి రోకలి పడేవేళకు రెండోవారిది లేచి తీరాలి. పియానోమీద కూడా అంతే. ఉన్నవి 88 మెట్లు. ఒకరి వేలు మెట్టుమీద ఆగి ఉంటే రెండోవారు ఆ స్వరం పలికించలేరు. తనది పలికీ పలకగానే వేలు తీసెయ్యాలి. ఒకరి చెయ్యి రెండోవారి చేతిమీదుగా దాటే చోట్లుంటాయి. పెడలు ఇద్దరికీ కలిపి ఒకటే; సాధారణంగా మంద్రస్వరాలు వాయించేవారి కాలికింద ఉంటుంది. అంటే ఒకరి కాలు ఇద్దరి నాదాన్నీ శాసిస్తుంది. ఇక్కడ సమానత్వమంటే ఇద్దరూ ఒకే పని చెయ్యటం కాదు. ఖాళీచెయ్యటం కూడా పనే.

మనవాళ్ళ పొరపాటు ఇంకా పెద్దది. 1948లో సోవియట్ పార్టీ తీర్మానం షొస్తకోవిచ్, ప్రొకోఫియెవ్ వంటివారిమీద "ఫార్మలిజం" ముద్రవేసింది. ఆ గాలి హంగేరీకీ వీచి, బార్తోక్ రచనలు కొన్ని రేడియోలో వినిపించకుండా పోయాయి. పల్లెలు తిరిగి రైతుల పాటలు సేకరించినవాడు బార్తోక్! కుర్తాగ్ ఆయన దగ్గర చదువుకోవాలని ఆశపడ్డవాడు. బార్తోక్ 1945లోనే న్యూయార్కులో చనిపోయాడు.

అయితే ఈ కథకు రెండో పక్కకూడా ఉన్నది. కుర్తాగ్ 1973లో పూనుకున్న "ఆటలు" సంపుటాలు 1979 నుంచి అచ్చువేసింది బుడాపెస్ట్‌లోని ప్రభుత్వ సంగీత ప్రచురణ సంస్థే. మొదట అవి పిల్లలకోసం. అరచేత్తో, పిడికిలితో, మోచేత్తో కూడా మెట్లమీద కొట్టనిస్తాయి. స్వరాలు వల్లెవేయించకముందు పియానోను బొమ్మలాగా చేతికివ్వటం వాటి ఉద్దేశం. పసివాడు కూడా వాయించగల కృతులను 80 దాటిన దంపతులు పారిస్ సభలో వాయిస్తుంటే, ఘనాపాటీల అంగడి ఒక గంటసేపు మూతపడ్డట్టు నాకనిపించింది.

చర్చ ఇక్కడిదాకా వచ్చాక వెనకబెంచీలోనుంచి ఒక అమ్మాయి, "ఆవిడ పేరేమిటండీ?" అన్నది. నేను చెప్పలేదు. రెండుసార్లూ "ఆయన భార్య" అన్నాను. ఈ వ్యాసంలోనూ ఇంతవరకు రాయలేదు, పాఠకులు గమనించే ఉంటారు.

ఆమె పేరు మార్తా. ఆమే స్వయంగా పియానిస్టు. వాళ్ళ పెళ్ళి 1947లో అయింది. ఆయన రాసినదాన్ని మొదట వినేదీ, మొదట తప్పుపట్టేదీ ఆమేనని ఆయనే చెప్పుకున్నాడు. గౌరవమైన మాటే. కానీ మొదటి శ్రోత పదవి జీతంలేని ఉద్యోగం కూడాను; పుస్తకాలలో పేరు స్వరకర్తదే ఉంటుంది. ఒక బల్లమీద గంటసేపు కనిపించిన సమానత్వం అరవై ఏళ్ళ లెక్క చెల్లువేస్తుందా? చెల్లువేస్తుందని నేననను. వాళ్ళ ఇంట్లో సంగతి నాకు తెలియదు, తెలుసుకునే హక్కూ లేదు. ఆ గంట బూటకమని కూడా అనలేను. ఆ మెట్టుమీదినుంచి వేలు తియ్యకపోతే పాట ఆగిపోతుంది. అక్కడ నటన పనికిరాదు.

2019 అక్టోబరులో మార్తా చనిపోయింది. అప్పటికి పెళ్ళయి 72 ఏళ్ళు.

"ఎంతమంది వింటారు?" అన్న విద్యార్థికి నేనింకా సరిగా జవాబు చెప్పలేదు. వచ్చేనెల ఆ ఫిల్ము మళ్ళీ వేస్తాం. ఈసారి మార్తా చేతులే చూడమని అతనితో చెప్పదలచుకున్నాను.