ఆగడం తెలిసిన ఓర్పు

2021 జూన్ 26న టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెం బ్రెస్ట్ నగరంలో మొదలైంది. అదే రోజు అక్కడి నుంచే లాక్లన్ మోర్టన్ కూడా బయల్దేరాడు. ఈ ఆస్ట్రేలియన్ వృత్తి సైక్లిస్టే గానీ ఆ ఏడు పందెంలో లేడు. పందెం దారి మొత్తం ఒంటరిగా తొక్కాడు. ఒక అంచె ముగిసిన ఊరి నుంచి మరో అంచె మొదలయ్యే ఊరికి పోటీదారులు వాహనాల్లో వెళ్తే, ఆ దూరాన్నీ సైకిలు మీదే దాటాడు. తిండి తానే కొనుక్కున్నాడు, ఆరుబయట పడుకున్నాడు. విజేత పొగాచర్ సుమారు 3,400 కిలోమీటర్లను గంటకు 41 కిలోమీటర్ల సగటు వేగంతో ముగించాడు. మోర్టన్ వేగం దాని దగ్గరకు కూడా రాదు. అయినా దాదాపు 5,500 కిలోమీటర్లు తొక్కి, పోటీదారులకంటే 5 రోజుల ముందే పారిస్ చేరాడు.

ఎక్కువ గంటలు తొక్కాడు కాబట్టి ముందు చేరాడు, అందులో వింతేముంది అనవచ్చు. ఆ గంటల్ని ఎలా పంచుకోవాలన్నదే అసలు పరీక్ష. పందెంలో రోజుకు ఎంత దూరమో, ఎక్కడ ఆగాలో నిర్వాహకులు నిర్ణయిస్తారు. తిండి, మర్దన, మరమ్మతు జట్టు చూసుకుంటుంది. ఎదురుగాలి భారాన్ని కూడా గుంపులో పదిమందీ పంచుకుంటారు. ఒంటరి దారిలో ఎంతసేపు నిద్రపోవాలి, ఏ నొప్పిని భరించాలి, ఏ నొప్పికి తలొగ్గాలి అన్నవన్నీ తొక్కేవాడే తేల్చుకోవాలి. మోకాలు మొరాయించినప్పుడు మోర్టన్ రేసింగ్ బూట్లు విప్పేసి, మామూలు పెడళ్ల మీద చెప్పులతో తొక్కాడు. పంతానికి పోయేవాడు చేసే పని కాదది. ఓర్పులో మొండితనం కంటే వివేకం పాలే ఎక్కువని నేననేది ఇందుకే.

ఇదంతా స్పాన్సర్ల ప్రచారమే కదా అని ఒక విమర్శ. ప్రచారం ఉంది. కానీ 1903లో టూర్ పుట్టిందే ఒక పత్రిక అమ్మకాలు పెంచడానికి. పుట్టుక వ్యాపారమైనంత మాత్రాన పడిన శ్రమ అబద్ధం కాదు. ఒంటరితనానికి అంత విలువెందుకన్న ప్రశ్న ఇంకాస్త బరువైనది. 1913 టూర్‌లో టూర్మలే కనుమ దిగుతుండగా యూజీన్ క్రిస్టోఫ్ సైకిలు ఫోర్కు విరిగింది. కొలిమి దాకా నడిచి వెళ్లి తానే అతుక్కుంటే, ఒక కుర్రాడు తిత్తి ఊదాడని, అది పరాయి సాయమని శిక్ష వేశారు. స్వయంసహాయాన్ని చట్టం చేస్తే ఇంత కర్కశంగా తయారవుతుంది. 2024లో మోర్టన్ ఆస్ట్రేలియా చుట్టూ 14,000 పైచిలుకు కిలోమీటర్లు సుమారు 30 రోజుల 10 గంటల్లో తొక్కి, పాత రికార్డును వారం రోజులకు పైగా తగ్గించింది సహాయక బృందం తోడుతోనే. తోడున్నంత మాత్రాన వివేకానికి పని తగ్గలేదు. తన హద్దు తాను గీసుకోవాల్సిందే.

అన్నిటికంటే గట్టి ఆక్షేపణ ప్రమాదం గురించి. లారీలు తిరిగే రహదారి మీద నిద్ర చాలని మనిషి తనకే కాదు, ఎదుటివాడికీ ముప్పే. దీనికి నా దగ్గర సమర్థన లేదు. పైగా నిద్రలేమి దెబ్బతీసేది నేను మెచ్చుకుంటున్న ఆ వివేకాన్నే. కాబట్టి నా వాదన నిలవాలంటే రికార్డు చేజారినా సరే సైకిలు దిగి పడుకున్నవాణ్ణి కూడా ఓర్పు గలవాడిగానే లెక్కించాలి. ఎంత దూరం వెళ్లాడని అడిగే మనం, ఎక్కడ ఆగాడని కూడా అడగడం నేర్చుకోవాలి.