బంగారమా, పెరుగా?

శుద్ధాద్వైతం చెప్పిన వల్లభాచార్యుల తల్లిదండ్రులు తెలుగువాళ్ళు. కాశీ మీద దాడి జరగబోతోందన్న కబురు విని ఆ దంపతులు ఊరు విడిచారని, దారిలో చంపారణ్యం దగ్గర నెలలు నిండకుండానే తల్లి ఇల్లమ్మ ప్రసవించిందని సంప్రదాయం చెబుతుంది. అది 1479. బిడ్డలో చలనం లేదనుకుని ఓ చెట్టు కింద పడుకోబెట్టి కదిలారట. మళ్ళీ వచ్చి చూసేసరికి చుట్టూ అగ్నివలయం, నడుమ క్షేమంగా పసివాడు. ఆ మంటల గురించి భక్తులు ఎంతో చెప్పుకుంటారు. పచ్చి బాలింత ఆ అడవిదారిన వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ నడిచిందన్న సంగతి దగ్గర మాత్రం ఎవరూ పెద్దగా ఆగరు.

ఆ బిడ్డ పెద్దయ్యాక మార్పు గురించే వాదించారు. ఆయనది అవికృత పరిణామవాదం. గాజులు చేయించినా బంగారం బంగారమే. కరిగిస్తే మళ్ళీ ముద్ద. బ్రహ్మం జగత్తైనా అంతే, చెక్కుచెదరదు. పాల సంగతి వేరు, ఒకసారి తోడుకున్నాక పెరుగు మళ్ళీ పాలవదు. ఆయన మాట్లాడింది బ్రహ్మం గురించి, బాలింత పొట్ట ఆయన లెక్కలో లేదు. అయినా కాన్పైన నాలుగో నెలలో, అద్దం ముందు పాత జీన్స్ జిప్పుతో కుస్తీ పడుతున్న అమ్మాయి అడిగేదీ ఇదే: ఈ ఒళ్ళు బంగారమా, పెరుగా?

పొట్ట మీద నిలువునా రెండు కండరాలుంటాయి. వాటిని నడుమ కలిపే తెల్లటి పట్టీ పేరు లీనియా ఆల్బా. గర్భం పెరిగేకొద్దీ ఆ పట్టీ సాగి పలచబడుతుంది, కండరాలు చెరోపక్కకు జరుగుతాయి. ఎడం సుమారు రెండు వేళ్ళు దాటితే డాక్టర్లు డయాస్టాసిస్ రెక్టై అంటారు. నార్వేలో 300 మంది తొలిచూలు తల్లుల్ని గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, కాన్పైన ఆరు వారాలకు 60 శాతం మందిలో ఇది కనబడింది. ఏడాదికి కూడా దాదాపు 33 శాతం మందిలో మిగిలింది. ఎడం ఉన్నవాళ్ళలో నడుంనొప్పి ఎక్కువేమీ కనబడలేదని కూడా అందులోనే తేలింది. ఏడాది తర్వాతా ముగ్గురిలో ఒకరికి ఉన్నదాన్ని లోపమనాలా? వైద్యం ఒక్కటే తేల్చే ప్రశ్న కాదిది.

మన ఇళ్ళలో దీనికి జవాబు నడికట్టు. పాత నేతచీర మడిచి, కూతుర్ని వెల్లకిలా పడుకోబెట్టి అమ్మమ్మ గట్టిగా చుడుతుంది, ‘కట్టకపోతే పొట్ట జారుతుందే’ అంటూ. గుడ్డ ఆసరా ఇస్తుంది, లేచి తిరగడానికి ధైర్యమిస్తుంది. విడిన కండరాల్ని అతికించదు. ఊపిరాడనంత బిగిస్తే ఒత్తిడంతా కిందికి, కటి కండరాల మీదికి దిగుతుంది. ఆ కట్టు వెనకున్న నమ్మకం మాత్రం ఆలోచించదగ్గదే. ఒళ్ళిప్పుడు కరిగిన బంగారం, చల్లారేలోపే అచ్చులో పోసెయ్యాలి. ‘పచ్చి ఒళ్ళు’ అన్న మాటలో అదే ఉంది.

అదే అమ్మమ్మ ఇంకో మాటా అంటుంది: కాన్పంటే ఆడదానికి పునర్జన్మ. ఇది నడికట్టుకు సరిగ్గా ఎదురు. పునర్జన్మలో జీవుడు పాతవాడే, ఒళ్ళు కొత్తది. విడిచిన దేహాన్ని ఎవరూ తిరిగి అడగరు. ఓదార్పు ఉన్న మాటే. కానీ ‘పిల్లలు పుట్టాక అంతేలే’ అన్న నిర్లక్ష్యం కూడా దీని నీడలోనే పెరిగింది. దగ్గితే మూత్రం జారుతున్నా ఏళ్ళ తరబడి నోరు విప్పని తల్లికి వేదాంతం చెప్పడం అన్యాయం. ఆమెకు కావలసింది ఫిజియోథెరపిస్ట్.

అక్కడ మొదలు పెట్టేది ఊపిరితో. మోకాళ్ళు మడిచి పడుకుని, పక్కటెముకలు విచ్చుకునేలా గాలి పీల్చాలి. వదిలేటప్పుడు మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాల్ని పైకి లాగి, బొడ్డు కింది భాగాన్ని మెల్లగా లోపలికి తీసుకోవాలి. అది పట్టుబడ్డాక ఒక్కో మడమనూ పరుపు మీద ముందుకు జార్చడం, ఆపైన పిరుదులు పైకెత్తడం. పొట్ట మధ్యలో గట్టులా ఉబికితే ఆ వ్యాయామం అప్పటికి బరువైనట్టే, సిట్-అప్స్‌కు తొందరపడకూడదు. మంచం దిగేటప్పుడు పక్కకు ఒత్తిగిలి, చేతి ఆసరాతో లేవాలి. సిజేరియన్ అయితే ఇదంతా డాక్టరు సరేనన్నాకే. బొడ్డు దగ్గర గడ్డ, నొప్పి ఉంటే హెర్నియా ఏమో చూపించుకోవాలి. ఎంత చేసినా బాధ తీరని కొద్దిమందికి, ఇక పిల్లలు చాలనుకున్నాక, కండరాల్ని దగ్గరికి కుట్టే ఆపరేషన్ ఉంది.

పరీక్షా అలా పడుకునే. బొడ్డు దగ్గర వేళ్ళు ఆనించి తల కాస్త ఎత్తమంటారు. మొదట్లో మూడు వేళ్ళు దిగుతాయి, కింద నానిన పిండిలా మెత్తగా తగులుతుంది. కొన్ని నెలల సాధన తర్వాత చాలామందిలో ఎడం తగ్గుతుంది. పూర్తిగా మూసుకుని తీరాలని లేదు. ఇంకా రెండు వేళ్ళు పడుతున్నా, కింద పట్టీ తప్పెట తోలులా బిగిసి తగిలితే ఫిజియోథెరపిస్ట్ తృప్తిగా చెయ్యి తీసేస్తారు. పాత పొట్ట రాలేదు, బిడ్డను ఎత్తుకుని మెట్లెక్కే బలం వచ్చింది. ముద్దగా మారే గాజుల్లోనూ, తోడుకున్న పాలల్లోనూ దీనికి పోలిక దొరకదు. చంపారణ్యం దాటి నడిచిన ఇల్లమ్మను అడిగి ఉంటే ఏ ఉపమానం చెప్పేదో.