శిక్షకుని వంతు

2016లో రియో ఒలింపిక్స్‌లో సింధు వెండి పతకము పొందినప్పుడు, శిక్షకుడు పుల్లెల గోపీచంద్ ఆమెకు మూడు నెలలు ఫోను లేకుండ చేసి, ఐస్‌క్రీమును సహా మాన్పించెనని మనమందరము వింటిమి. ఎదిగిన పిల్లను అట్లు కట్టడి చేయుట న్యాయమా అని మా యౌవనస్థులు అడిగిరి. మేము వెంటనే జవాబియ్యలేకపోతిమి.

అయితే 2001లో ఆల్ ఇంగ్లండు గెలిచిన పిమ్మట ఆ గోపీచందే శీతల పానీయపు ప్రకటనను, దాని సొమ్మును వద్దనెను. తాను విడిచినవాడు గనుక విడువుమని అడుగగలిగెను. పౌలును కొరింథీయులకు పందెగాండ్రను గూర్చి వ్రాయుచు, తన దేహమును అదుపులో నుంచుకొనుట గూర్చియే చెప్పెను గదా!

మరి పతకము రాని పిల్లల మాటేమి? అకాడమీలలో వారే ఎక్కువమంది. మా ఊరి చెడుగుడు జట్టుకు మేమే తర్ఫీదు నిచ్చుచున్నాము. మొన్న ఓడి వచ్చిన ఒక చిన్నవాడు మమ్మును చూచి గుడి గోడ చాటునకు పోయెను. పిలిచితిమి, రాలేదు.