అడుగనివారికి చెప్పవలెనా?



మనము అమ్మిన వస్తువులో ఒక లోపమున్నదని మనకు తెలిసిందనుకొందాము. కొన్నవారిలో ఇద్దరు మాత్రమే ఫిర్యాదు చేశారు. మిగిలినవారు ఏమీ అనలేదు. ఆ మిగిలినవారికి మనంతట మనము చెప్పవలెనా? లేక వారు అడిగేవరకు ఊరకుండవచ్చునా? చిన్న దుకాణమునకైనా, పెద్ద కర్మాగారమునకైనా ఈ ప్రశ్న ఒక్కటే. ఒక పెద్ద సంస్థకు ఇది ఎదురైనప్పుడు ఏమి జరిగిందో చూద్దాము.

జపాను దేశపు టయోటా సంస్థ, ప్రపంచములోని శ్రేష్ఠమైన కార్లతో సరితూగే కారు ఒకటి తయారు చేయవలెనని 1983లో తలపెట్టింది. సుమారు 450 నమూనా కార్లు తయారుచేసి పరీక్షించారు. చివరకు 1989 సెప్టెంబరులో లెక్సస్ ఎల్.ఎస్. 400 అను పేరుతో అది అమెరికాలో అమ్మకమునకు వచ్చింది. పరిపూర్ణతయే తమ గురి అని ప్రకటనలలో చెప్పుకొన్నారు. అయితే మూడు నెలలకే రెండు ఫిర్యాదులు వచ్చాయి. ఒకటి వైరింగులో లోపము. మరొకటి, బ్రేకు లైటు మితిమీరి వేడెక్కుచున్నదని.

అప్పటికి అమ్మిన కార్లు సుమారు 8,000. అంటే నాలుగు వేలమందికి ఒక్కరు ఫిర్యాదు చేశారన్నమాట. ఆ ఇద్దరి కార్లు బాగుచేసి పంపితే చాలదా అని ఎవరైనా అనవచ్చును. అంత గొప్పలు చెప్పుకొని, మూడు నెలలకే లోపమున్నదని ఒప్పుకొనుట ఎవరికైనా కష్టమే. కాని 1989 డిసెంబరులో ఆ సంస్థ కార్లన్నిటిని వెనుకకు పిలిపించింది. పనివారే వెళ్లి కార్లు తెచ్చి, బాగుచేసి, తిరిగి అప్పగించారు. డబ్బు తీసుకొనలేదు. దూర ప్రాంతములలో ఉన్నవారి కొరకు పనివారిని విమానములో పంపి, అక్కడ గ్యారేజీలు అద్దెకు తీసుకొన్నారు. ఇదంతా 20 రోజులలో ముగించారు.

ఇక్కడ మనము ఆలోచింపవలసిన సంగతి ఒకటున్నది. బ్రేకు లైటు ఉండేది బండి వెనుక. బండి నడిపేవాడు దానిని చూడలేడు. అది వెనుక వచ్చేవాని క్షేమము కొరకు పెట్టినది. గనుక కారు యజమాని ఫిర్యాదు చేయలేదంటే, లైటు బాగున్నదని అర్థము కాదు. అతనికి తెలియలేదని మాత్రమే అర్థము. మన పనులలోని లోపములు అనేకము ఇటువంటివే. కొన్నవానికి కనబడవు. నష్టపోయేది మరొకరు.

"వారు తమ పేరు నిలుపుకొనుటకే అలా చేశారు" అని కొందరు అంటారు. అది కొంత నిజమే కావచ్చును. మార్కెట్టులో కొత్త పేరు, దానిని కాపాడుకొనవలెను. అయినను ఆ కార్లలో తిరిగినవారికి కలిగిన మేలు తక్కువ కాలేదు. అసలు పరీక్ష మనవంటివారికే. మనకు విమానములు లేవు, చేసిన మేలు పత్రికలలో పడదు. పోగొట్టుకొనేది మాత్రము మన చేతి డబ్బే.

మనలో ఒక మెకానిక్ పగలు ఒకరి స్కూటరుకు బ్రేకు వేసి పంపాడనుకొనండి. రాత్రి భోజనమునకు కూర్చున్నప్పుడు ఒక నట్టు సరిగా బిగించలేదేమో అని గుర్తుకు వచ్చింది. ఆ స్కూటరు మీద రేపు ఉదయము పిల్లలు బడికి వెళ్తారు. పోయి చెప్పితే పనిమంతుడనే పేరు పోవచ్చును. చెప్పకపోతే ఏమీ జరగకపోవచ్చును కూడా.

గుర్తుకు రాకముందు అది పొరపాటు. గుర్తుకు వచ్చిన తరువాత ఊరకుంటే అది పొరపాటు కాదు, మనము కోరి చేసిన పని. బాగుచేయుటకు కావలసిన సామాను ఆ రాత్రి దొరకకపోవచ్చును. కాని "రేపు ఆ బండి తీయవద్దు" అని చెప్పుటకు సామాను అక్కరలేదు. "అతను అడుగలేదు గదా" అను మాట అక్కడ చెల్లదు. అతనికి తెలియదు. మనకు తెలుసు.