స్నేహమంటే నూనె కూడా

దేహం నశించేదని, ఆత్మ ఒక్కటే నిలిచేదని నమ్మిన సంప్రదాయమే ఆ దేహానికి నూనె పట్టించి, మర్దించి, తలంటి పోయడాన్ని ఉగాదినాడూ నరకచతుర్దశినాడూ విధిగా ఎందుకు నియమించిందన్న ప్రశ్న కడప జిల్లాలో మరింత గట్టిగా ఎదురవుతుంది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి ఉన్న కందిమల్లాయపల్లె ఈ జిల్లాలోనిదే. దేహం అనిత్యమని చాటే తత్త్వాలు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల భజనల్లో వినిపిస్తూనే ఉంటాయి. అవే ఊళ్లలో పెళ్లికూతురికి నలుగు పెడతారు, బాలింతకు ఒళ్లు పడతారు, పసిబిడ్డ మాడుకు ఆముదం అంటుతారు. దీన్ని వైరుధ్యమనడం తొందరపాటు.

ఒంటికి నూనె పట్టించి మర్దించడాన్ని ఆయుర్వేదం అభ్యంగం అంటుంది. స్పర్శేంద్రియంలో వాయువు అధికమనీ, ఆ ఇంద్రియం చర్మాన్ని ఆశ్రయించి ఉంటుందనీ, కాబట్టి చర్మానికి అభ్యంగాన్ని మించిన హితం లేదనీ చరకసంహిత తర్కిస్తుంది. ముసలితనాన్ని, అలసటను, వాతాన్ని అది తగ్గిస్తుందని అష్టాంగహృదయంలో చెప్పిన వాగ్భటుడు తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేకించి చేయమన్నాడు. అజీర్ణంతో ఉన్నవారికి వద్దన్నాడు. నూనెకూ నేతికీ ఈ శాస్త్రం పెట్టిన పేరు ‘స్నేహం’. జిడ్డుకూ ప్రేమకూ ఒకే మాట కుదరడం యాదృచ్ఛికమని తోసిపుచ్చలేము, ఎందుకంటే రెండూ ఎండిపోయినదాన్ని మెత్తబరిచేవే.

పసిబిడ్డకు నీళ్లు పోసే పెద్దామె పీటమీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను ఆ కాళ్లమీద బోర్లా వేసుకుని, గోరువెచ్చని నూనెను వెన్నుమీదుగా పిరుదులదాకా అరచేత్తో నెమ్మదిగా దించుతుంది. ఏడుపు క్రమంగా మూలుగై, మూలుగు నిద్రవుతుంది. చర్మంలో మైలిన్ అనే కొవ్వుపొర లేని సన్నని నాడీతంతువులు కొన్ని సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరే స్పర్శకే ఎక్కువగా స్పందిస్తాయని నేటి నాడీశాస్త్రం కనుగొంది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు మర్దన చేసినప్పుడు వారు రోజుకు 47 శాతం ఎక్కువగా బరువు పెరిగినట్టు అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం 1986లో ప్రకటించింది. నడుమునొప్పికి మర్దన కొంతకాలం ఉపశమనమిస్తుంది. ఒంట్లోని విషాలను తోడేస్తుందన్న ప్రచారానికి మాత్రం ఆధారం లేదు.

దేహంలోని చక్రాల్లో దేవతలున్నారని వీరబ్రహ్మేంద్రస్వామి, అంటే బ్రహ్మంగారు, తన శిష్యుడు సిద్ధయ్యకు బోధిస్తుండగా విన్న కక్కయ్య అనే వ్యక్తి, వారిని చూడాలని నిద్రిస్తున్న భార్య దేహాన్ని కోశాడనీ, ఏమీ కనబడక గురువును నిలదీశాడనీ, గురువు ఆమెను బతికించాడనీ ఐతిహ్యం. కోసి చూసేవాడికి దేహం వట్టి మాంసమే; ఒళ్లు పట్టే చేతికి అది నొచ్చుకునే, సేదతీరే, బదులు పలికే ప్రాణి. దేహం దేవాలయమన్న మాట ఈ రెండో తీరులోనే అనుభవానికి వస్తుంది.

అయితే ఆ చేతులు ఎవరివన్నది తత్త్వగ్రంథాలు సాధారణంగా అడగని ప్రశ్న. ఒళ్లు పట్టే విద్యను తరతరాలుగా కాపాడింది నేడు నాయీ బ్రాహ్మణులుగా పిలిచే మంగలివారు, కాన్పు చేసిన మంత్రసానులు. వారి స్పర్శ లేనిదే పుట్టుకా పెళ్లీ జరగని ఇళ్లే, పని కాగానే ఆ స్పర్శను మైల అన్నాయి. స్నేహాన్ని నూనెగా పుచ్చుకుని ప్రేమగా తిరిగి ఇవ్వకపోవడం క్షమించదగిన తప్పు కాదు. కాన్పులు ఆసుపత్రులకు మారినా, బిడ్డ ఇంటికి వచ్చాక ఆ పెద్దామెకు ఇంకా కబురు వెళుతూనే ఉంది.