గాడిలో ఉన్నది పాటేనా?

తక్కువ ధరలో మంచి టర్న్‌టేబుల్‌ను ఎంచుకోవాలంటే ముందు తేలవలసింది ఆ యంత్రం చేసే పని ఏమిటన్నది. పాట రికార్డులోనే ఉందా, యంత్రం దాన్ని వెలికితీస్తుందా? లేక ముల్లు దించిన ప్రతిసారీ పాట కొత్తగా పుడుతుందా? శబ్దం గురించి భారతీయ దర్శనాల్లో మీమాంసకులకూ నైయాయికులకూ శతాబ్దాలపాటు నడిచిన వాదం కూడా ఇలాంటిదే. శబ్దం నిత్యమనీ, నోటి నుంచి వెలువడే ధ్వని దాన్ని వ్యక్తం చేస్తుందే తప్ప పుట్టించదనీ జైమిని సూత్రాలకు భాష్యం రాసిన శబరుడూ, ఆయన తర్వాత కుమారిలుడూ నిలబెట్టారు. శబ్దానికి పుట్టుకా నాశమూ రెండూ ఉన్నాయన్నది గౌతముని న్యాయసూత్రాల పక్షం. మీమాంసకుల పట్టుదల వేదం కోసం. సినిమా పాటల రికార్డు వాళ్ల లెక్కలోకి వచ్చేది కాదు. అయినా ఖరీదైన యంత్రాలు అమ్మేవారు తెలియకుండానే వాళ్ల వైపు నిలబడతారు.

స్కాట్లండ్‌కు చెందిన లిన్ సంస్థ 1970లలో సాండెక్ ఎల్‌పీ12 టర్న్‌టేబుల్‌తో పాటు ఒక వాదాన్నీ ప్రచారంలోకి తెచ్చింది. గాడి నుంచి తీసేటప్పుడే పోయినదాన్ని ఆ తర్వాత ఏ ఆంప్లిఫయరూ, ఏ స్పీకరూ తిరిగి తేలేదు, కాబట్టి డబ్బంతా మొదట టర్న్‌టేబుల్ మీదే పెట్టాలన్నది దాని సారాంశం. చీకట్లో ఉన్న కుండను దీపం చూపించినట్టు, రికార్డులో ఉన్న పాటను యంత్రం చూపిస్తుందన్న నమ్మకం దీని వెనుక ఉంది. ఇందులో సగం నిజం. గాడిలో ఉన్నది నేరుగా పాట కాదు. రికార్డు కోసేటప్పుడు మంద్రధ్వనులను తగ్గించి, తారధ్వనులను పెంచుతారు. 1950ల మధ్య నుంచి దీనికి ఆర్‌ఐఏఏ ప్రమాణం ఉంది. ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టుల సంకేతం మాత్రమే. దాన్ని పెంచి, తలకిందులైన పాళ్లను సరిచేయడం ఫోనో ప్రీఆంప్లిఫయర్ పని. అది టర్న్‌టేబుల్ లోపల లేకుండా, ఆంప్లిఫయర్‌కు ఫోనో ఇన్‌పుట్టూ లేకపోతే వినిపించేది పీలగొంతు. కొనేవారు మొట్టమొదట చూడవలసింది ఇదే, తరచుగా మరిచిపోయేదీ ఇదే.

దీపపు పోలిక అసలు దెబ్బతినేది అరుగుదల దగ్గర. దీపం ఎన్నిసార్లు వెలిగించినా కుండ అరగదు. ముల్లు వెళ్లిన ప్రతిసారీ వినైల్ గాడి ఎంతో కొంత అరుగుతుంది. వ్యక్తం చేసేదే వ్యక్తమయ్యేదాన్ని తింటుంది. మంచి కార్ట్రిడ్జ్‌లు సాధారణంగా రెండు గ్రాముల చుట్టుపట్ల బరువుతో నడుస్తాయి. సూట్‌కేసు ఆకారంలో వచ్చే చవక ప్లేయర్లలో సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, ముల్లు మోపే బరువు ఐదు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, దాన్ని తగ్గించుకునే ఏర్పాటు ఉండదు. పైగా రికార్డును వేరే ఆకారపు ముల్లుతో వింటే గాడి గోడల్లో అంతకుముందు తగలని చోటు తగిలి, అరుగుదల తక్కువగా వినిపించడమూ ఉంది. ఒకే గాడి రెండు ముళ్లకు రెండు రకాలుగా పలికితే, పాట పూర్తిగా గాడిలోనే ఉందనడం కష్టం. ఇక్కడ నైయాయికుల మాటే నెగ్గుతుంది: కారణసామగ్రి మారితే కార్యం మారుతుంది. చవక యంత్రంలో చూడవలసిన ముఖ్య గుణం శ్రావ్యత కాదు, రికార్డుకు హాని చేయకపోవడం.

వేగం సంగతి మరింత ఆసక్తికరం. నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన రికార్డు నూటికి ఆరు వంతులు వేగంగా తిరిగితే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది, పాట కూడా ఆ మేరకు త్వరగా అయిపోతుంది. రాగం మాత్రం మారదు, స్వరాలన్నీ ఒకే నిష్పత్తిలో కలిసి జరుగుతాయి కనుక. వ్యాకరణ దార్శనికుడు భర్తృహరి సంప్రదాయం ధ్వనిని ప్రాకృతమనీ వైకృతమనీ విడదీసింది ఇటువంటి భేదం కోసమే. ద్రుత, విలంబితాల తేడా వైకృత ధ్వనిది, దానివల్ల శబ్దం మరో శబ్దం కాదు. అంతకుముందే పతంజలి మహాభాష్యంలో భేరి మోత ఎంత దూరం సాగినా స్ఫోటం, అంటే ధ్వని వ్యక్తం చేసే అసలు శబ్దం, అంతేనని చూపించాడు. ఈ లెక్కన స్థిరంగా ఉన్న చిన్న వేగదోషం పెద్ద అపరాధం కాదు, చాలా యంత్రాల్లో దాన్ని సరిచేసుకోవచ్చు కూడా. అదే వేగం ఊగిసలాడితే నిలకడగా పట్టిన షడ్జం వణుకుతుంది, గమకం లేనిచోట గమకం పుడుతుంది. ఆ దోషం స్వరం మీదికే వస్తుంది. అయితే వణుకు సరిగ్గా 1.8 సెకన్లకోసారి వస్తుంటే యంత్రాన్ని అనుమానించే ముందు రికార్డును చూడాలి. మధ్య రంధ్రం పక్కకు జరిగిన రికార్డుకు ఎంత ఖరీదైన టర్న్‌టేబులూ మందు కాదు.

వీటన్నిటికీ చెవి సాక్ష్యం చాలదా? జ్ఞానం తనంతట తానే ప్రమాణమని, తప్పని తేలేవరకు నమ్మదగినదని మీమాంసకులు అంటారు. ప్రామాణ్యం బయటి నుంచి తేలాలని నైయాయికులు అంటారు. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ సంస్థ రికార్డులు చాలావాటిని, అనలాగ్ టేపు నుంచి నేరుగా కోసినవని నమ్మి, సూక్ష్మశ్రోతలు మెచ్చుకున్నారు. వాటి తయారీలో డిజిటల్ దశ ఉందని 2022లో బయటపడింది. దాన్ని పట్టించింది చెవులు కాదు. రికార్డులు బాగాలేవని దీని అర్థం కాదు. బాగుండడానికి వాళ్లు చెప్పుకున్న కారణం తప్పు, అంతే. ధర పెరిగేకొద్దీ తేడా వినిపిస్తోందనేవారికీ ఇదే పరీక్ష వర్తిస్తుంది.

బెల్టుతో తిరిగేదా, మోటారు నేరుగా తిప్పేదా అన్న చర్చకు తక్కువ ధరల్లో అంత విలువ లేదు, రెండింటిలోనూ మంచివి ఉన్నాయి. ఆడియో టెక్నికా ఎల్‌పీ60ఎక్స్‌లో బరువు కర్మాగారంలోనే అమర్చి ఉంటుంది, ముల్లును మార్చుకోవచ్చు, ప్రీఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది; మొదటిసారి కొనేవారికి అది చాలు. కార్ట్రిడ్జ్‌నే మార్చుకునే వీలూ, బరువు సర్దుకునే కౌంటర్‌వెయిటూ కావాలంటే అదే సంస్థ ఎల్‌పీ120ఎక్స్ వంటివి చూడాలి. మిగిలిన డబ్బు, లిన్ వాదం ఏమన్నా, స్పీకర్లకు పెట్టడమే మేలు. ఇంట్లో తాతల నాటి తెలుగు నాటకపద్యాల రికార్డులు ఉంటే లెక్క వేరు. అవి ఎక్కువగా 78 చుట్లవి, గాడి వెడల్పు. ఎల్‌పీ60ఎక్స్‌లో ఆ వేగం లేదు. 120ఎక్స్‌లో ఉన్నా, 78లకు తగిన లావుపాటి ముల్లు వేరుగా కొనుక్కోవాలి.