యాత్రాఫలం ఎవరి కష్టానిది? నంద్యాల రైలుమార్గం లేవనెత్తిన ధర్మసందేహం

సుఖంగా చేసిన తీర్థయాత్రకు ఫలం తగ్గుతుందా అన్న సందేహం రైలుతో పుట్టినది కాదు. వాహనమెక్కి క్షేత్రానికి వెళ్ళవచ్చునా, వెళితే పుణ్యంలో ఎంత భాగం పోతుందన్న చర్చ పురాణాల్లోనూ, వాటిని క్రోడీకరించిన ధర్మశాస్త్ర నిబంధాల్లోనూ శతాబ్దాలుగా సాగుతూనే ఉంది. అయితే పంతొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధంలో ఇనుపదారి దేశాన్ని కమ్ముకున్న తరువాత, అంతవరకు పండితుల మధ్య ఉన్న ఆ ప్రశ్న సామాన్య యాత్రికుడి ప్రశ్నగా మారింది. నల్లమలలోని అహోబిలం, మహానంది, శ్రీశైలం వంటి క్షేత్రాల యాత్రికులకు అడవి అంచు దాకా దారి ఇచ్చిన నంద్యాల రైలుమార్గం ఆ ప్రశ్నను పరిశీలించడానికి తగిన తావు. ఆ మార్గం పుట్టుకలోనే కరువు ఉంది, నిర్మాణంలో కూలివాడి చెమట ఉంది, నడకలో యాత్రికుడి భక్తి ఉంది, కాబట్టి ఈ మూడింటినీ విడదీసి చూస్తే విషయం సగమే అర్థమవుతుంది.

ముందుగా రైలుకు వ్యతిరేకంగా వినిపించిన వాదాల్లో బలమైనదాన్ని చూడాలి. 1909 నవంబరులో ఇంగ్లండు నుంచి దక్షిణాఫ్రికాకు ఓడలో తిరిగి వెళుతూ గాంధీ గుజరాతీలో రాసిన హింద్ స్వరాజ్‌లో రైళ్ళకు ప్రత్యేకంగా చోటు ఉంది. రైళ్ళు మహమ్మారిని ఊరూరికీ మోసుకెళ్ళాయనీ, రైతు గింజలను ఎక్కువ ధర పలికే చోటికి తరలించే వీలు కల్పించి కరువులను పెంచాయనీ, కష్టపడి వెళ్ళే నిజమైన భక్తులకే దక్కుతూ వచ్చిన పుణ్యక్షేత్రాలను మోసగాళ్ళకు కూడా సులభం చేసి అపవిత్రం చేశాయనీ ఆయన వాదించారు. మంచి నెమ్మదిగా నడుస్తుందనీ, చెడుకు మాత్రమే రెక్కలుంటాయనీ అన్నది ఆ వాదానికి మూలం. దీన్ని పాతకాలపు మనిషి బెంగగా కొట్టివేయడం న్యాయం కాదు. యాత్రకు బయలుదేరేముందు సంకల్పం చెప్పుకొని, అప్పులు తీర్చి, కక్షలున్న చోట క్షమాపణ అడిగి, ఇంటివారికి బాధ్యతలు అప్పగించి వెళ్ళే ఆచారం తెలుగునాట బలంగా ఉండేది. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒక్కటే అన్న సామెత పుట్టింది ఆ కాలంలోనే. తిరిగి వస్తానన్న నమ్మకం లేనివాడు బయలుదేరే తీరు వేరు, వారం తిరక్కుండా ఇంటికి చేరతానని తెలిసినవాడు బయలుదేరే తీరు వేరు. ఆ సిద్ధపాటులో ఉన్న ఆత్మపరిశీలనను రైలు చాలావరకు అనవసరం చేసిందన్నది నిజం.

కానీ కాలినడక కాలంలో యాత్ర అంతా యాత్రికుడి సొంత కష్టమే అన్న ఊహ మాత్రం చరిత్రకు నిలవదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో బయలుదేరి, కడప మీదుగా అహోబిలం, మహానంది, శ్రీశైలం దర్శించుకొని, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగి మద్రాసు చేరారు. ఆ యాత్రకు పదిహేను నెలలు పట్టింది. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర ఆనాటి దారులకూ ఊళ్ళకూ సత్రాలకూ తెలుగులో మిగిలిన అపురూపమైన ఆధారం. ఆయన భక్తిని శంకించడానికి ఏమీ లేదు. అయినా ఆయన ప్రయాణం సాగింది పల్లకీలో, పెద్ద పరివారంతో, బోయీల భుజాల మీద. బోయీలంటే పల్లకీ మోయడమే వృత్తిగా గలవారు. నల్లమల కొండదారుల్లో రాళ్ళమీద పడిన అడుగులు వారివే. పుణ్యం కష్టానికి దక్కేదైతే ఆ పుణ్యంలో వారి వాటా ఎంత అన్న ప్రశ్న రైలు రాకముందే ఉంది. రైలు చేసింది ఆ భుజాన్ని యాత్రికుడి కంటికి కనబడకుండా చేయడం.

శాస్త్రం కూడా ఈ విషయాన్ని ముతకగా చూడలేదు. మత్స్యపురాణంలోని ప్రయాగ మాహాత్మ్యం ఎద్దునెక్కి ప్రయాగకు వెళ్ళడాన్ని తీవ్రంగా నిందిస్తుంది, అలా వెళ్ళినవాడిచ్చే జలాన్ని పితృదేవతలు స్వీకరించరని హెచ్చరిస్తుంది. తరువాత వాహనప్రయాణాన్ని గురించి చెబుతూ, ఐశ్వర్యగర్వంతోనో లోభమోహాలతోనో యానమెక్కినవాడి యాత్ర నిష్ఫలమంటుంది. యానమంటే మనిషిని మోసుకుపోయే ఏ సాధనమైనా సరే. ఈ రెండు నిషేధాలను పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిదాని వెనుక మూగజీవి బాధ, రెండోదాని వెనుక ఎక్కేవాడి అహంకారం ఉన్నాయని తోస్తుంది. కాళ్ళు నొప్పి పుట్టడమే పుణ్యమని చెప్పడం ఈ మాటల ఉద్దేశం కాదు. మహాభారతం వనపర్వంలో పులస్త్యుడు భీష్ముడికి తీర్థాల మహిమ చెబుతూ యజ్ఞాలకు ఎంతో సామగ్రి, ధనం కావాలనీ, అవి లేని దరిద్రుడికి యజ్ఞంతో సమానమైన ఫలాన్ని తీర్థయాత్ర ఇస్తుందనీ అంటాడు. చేతులూ కాళ్ళూ మనస్సూ అదుపులో ఉన్నవాడికే ఆ ఫలం దక్కుతుందన్న షరతు కూడా అక్కడే ఉంది. యాత్ర బీదవాడి యజ్ఞమైతే, బీదవాడు కొనగలిగిన మూడో తరగతి టిక్కెట్టు ఆ యజ్ఞానికి విరోధి ఎలా అవుతుందో గాంధీ వాదం చెప్పలేదు. దేశానికి తిరిగివచ్చాక ఆయన స్వయంగా మూడో తరగతి పెట్టెల్లోనే దేశమంతా తిరిగి, 1917లో అక్కడి ప్రయాణికుల దుస్థితిపై గట్టిగా రాశారు. ఆ రాతలో రైలును మానమనలేదు, అందులో ఎక్కేవాడిని మనిషిగా చూడమన్నారు. హింద్ స్వరాజ్‌లోని తీర్పు కంటే ఈ రెండో మాటే సమస్యకు దగ్గరగా ఉంది.

ఇక మార్గం సంగతి. 1871లో మద్రాసు రైల్వే రాయచూరు వద్ద బొంబాయి నుంచి వచ్చిన దారిని కలిసింది. కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి, ఆదోని మీదుగా సాగిన ఆ మార్గం అయిదడుగుల ఆరంగుళాల వెడల్పు గల బ్రాడ్ గేజి. నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల ప్రాంతాలు దానికి ఉత్తరాన దూరంగా మిగిలాయి. తరువాత అయిదేళ్ళకే, 1876–78 మధ్య, తెలుగువారు ధాత కరువుగా చెప్పుకునే మహాక్షామం రాయలసీమను తుడిచిపెట్టింది. కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు మద్రాసు రాజధానిలో మిక్కిలి నష్టపోయినవాటిలో ఉన్నాయి. రైలు లేని తాలూకాలకు ధాన్యం బండ్ల మీద చేరాలి, కానీ బండి లాగే ఎద్దుకు మేత లేదు, నీరు లేదు. కరువు పనుల్లో మట్టి మోసినవాడికి, కరువు పరిశీలనకు భారత ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ సిఫారసుపై నిర్ణయించిన రోజుకూలి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానిపై ఒక అణా. మండుటెండలో రాళ్ళు కొట్టే దేహానికి ఆ తిండి చాలదని మద్రాసు వైద్యాధికారులే అప్పట్లో వాదించారు. 1880లో క్షామ కమిషన్ నివేదిక వచ్చాక ‘రక్షణ రైలుమార్గాలు’ అనే ఆలోచన విధానమైంది. లాభం కోసం కాక, కరువు వేళ ధాన్యం చేరవేయడానికి వేసే దారులని దాని అర్థం. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే చేతుల మీదుగా గుంతకల్లు నుంచి ద్రోణాచలం, నంద్యాల, గిద్దలూరు, కంభం, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు మీదుగా కృష్ణ ఒడ్డుకు సాగిన మీటర్ గేజి దారి ఆ ఆలోచన ఫలితమే. పట్టాల మధ్య ఒక మీటరు ఎడమే ఉండే ఈ రకం దారికి ఖర్చు తక్కువ. పడమట ఇది గోవాలోని మార్మగోవా రేవు వరకు కలిసింది.

గుంతకల్లు అనే పల్లె ఈ రెండు గేజిలు కలిసే చోటు కావడంతో కూడలి పట్టణమైంది, నంద్యాల పత్తికీ ధాన్యానికీ పెద్ద అంగడిగా పెరిగింది. క్షేత్రాల సంగతి వేరు. మహానందికి దిగవలసింది నంద్యాలలో, శ్రీశైలానికి మార్కాపురం రోడ్డులోనో నంద్యాలలోనో, అహోబిలానికీ నంద్యాలలోనే. రైలు ఏ దేవుడి గడపకూ వెళ్ళలేదు, అడవి అంచున దింపి పోయింది. మిగిలిన దారి పాతకాలపు దారే.

నంద్యాల దాటాక గాజులపల్లె నుంచి దిగువమెట్ట వరకు దారి నల్లమలను చీల్చుకొని పోతుంది. బొగద వద్ద కొండను తొలిచారు, లోయల మీద ఎత్తైన స్తంభాలు లేపి దొరబావి వంతెన కట్టారు. 1990ల్లో మార్గాన్ని బ్రాడ్ గేజిగా మార్చినప్పుడు దారిని మళ్ళించడంతో ఆ పాత వంతెన సేవ ముగిసింది, దాని స్తంభాలు అడవిలో మిగిలాయి. చలిజ్వరాలకు పేరుపడ్డ ఆ మన్యంలో, యంత్రాల ఆసరా అంతంతమాత్రంగా ఉన్న కాలంలో, గునపంతో తవ్వి, గంపతో ఎత్తి, సమ్మెటతో రాయి పగలగొట్టి ఆ దారి వేశారు. దక్షిణాదిలో మట్టిపనికీ రాతిపనికీ తరతరాలుగా పేరు మోసిన వడ్డెరలు ఇలాంటి పనులకు వెన్నెముక. అదే కాలంలో వచ్చిన 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవిని ప్రభుత్వపు సొత్తుగా గిరిగీసి, అందులోనే పుట్టి పెరిగిన చెంచులను అనుమతి అడిగి బతికేవారిగా మార్చింది. అహోబిల నరసింహుడు పెళ్ళాడిన చెంచులక్ష్మి ఆ జాతి ఆడపడుచు. ఆడపడుచు పుట్టింటివారికి అడవిపై హక్కు తగ్గిపోతున్న వేళలోనే అల్లుడి దర్శనానికి వెళ్ళేవారికి దారి సుగమమైంది. ఈ రెండూ ఒకే ప్రభుత్వం ఒకే దశాబ్దంలో చేసిన పనులని గుర్తుంచుకోకుండా యాత్రాఫలం లెక్క తేల్చడం కుదరదు.

శతపథ బ్రాహ్మణం మనిషి పుడుతూనే నాలుగు రుణాలతో పుడతాడంటుంది. దేవరుణం, ఋషిరుణం, పితృరుణం అందరికీ తెలిసినవే. నాలుగోదైన మనుష్యరుణాన్ని అన్నం పెట్టి, ఆశ్రయమిచ్చి తీర్చాలని ఆ గ్రంథం చెబుతుంది. తెలుగునాట దారి పొడవునా వెలసిన సత్రాలు, చలివేంద్రాలు, నడబావులు ఈ నాలుగో రుణం తీర్చుకునే ఏర్పాట్లే. నడిచివచ్చే యాత్రికుడు పరాయివాడి అన్నం తిని, తన ఊరికి వెళ్ళాక మరో బాటసారికి పెట్టేవాడు. టిక్కెట్టు ఈ సంబంధాన్ని మార్చింది. డబ్బు చెల్లించినవాడికి బాకీ తీరిపోయినట్టు తోస్తుంది. బొగద సొరంగంలో ఊపిరి బిగబట్టి రాయి తొలిచినవాడికి తాను రుణపడ్డానన్న ఊహ పెట్టెలో కూర్చున్నవాడికి రాదు. రైలు వల్ల యాత్రకు నిజంగా కలిగిన లోటు ఏదైనా ఉంటే అది ఈ మరుపే తప్ప, కాళ్ళకు కలిగిన విశ్రాంతి కాదు. గాంధీ చూసిన అపవిత్రత కంటే ఇది లోతైనది, ఎందుకంటే మోసగాళ్ళు కాలిబాటల మీదా ఉండేవారు, దోపిడీ ముఠాలైన పిండారీల భయంతోనే యాత్రికులు గుంపులుగా నడిచేవారు.

రైలు పెట్టె చేసిన మేలును కూడా నిండుగా చెప్పాలి. కులం వల్ల భారతీయులు ఒకే బండిలో కూర్చోరని తొలినాళ్ళలో సందేహించిన ఆంగ్లేయులు ఉన్నారు. యాత్రికులు ఆ సందేహాన్ని పటాపంచలు చేశారు. కులానికొక పెట్టె కంపెనీలు వేయలేదు, ఒకే బల్లమీద ఎవరి పక్కన ఎవరో కూర్చోవలసి వచ్చింది. పల్లకీకి తాహతు లేని వితంతువులు, ముసలివారు, కూలినాలి చేసుకునేవారు కాశీని కళ్ళజూశారు. అయితే పెట్టె ఒప్పుకున్న మనిషిని గుడి ఒప్పుకోలేదు. స్టేషను దాకా అందరితో సమానంగా వచ్చిన దళితుడు ధ్వజస్తంభం కూడా చూడలేక బయట నిలబడ్డాడు. మద్రాసు రాష్ట్రంలో 1939లో ఒక చట్టం ఆలయప్రవేశానికి వీలు కల్పించింది, 1947 నాటి చట్టం దాన్ని హక్కుగా చేసింది. క్షేత్రపు పవిత్రత చెడిందని బాధపడినవారు రైలు వచ్చాక సాగిన ఈ సుమారు అరవై ఏళ్ళ నిరీక్షణను కూడా ఆ పవిత్రత లెక్కలో చేర్చుకోవలసి ఉంటుంది.

పాత బ్రాడ్ గేజి, మీటర్ గేజి మార్గాల నడుమ ఏ దారికీ చెందకుండా మిగిలిన దొర్నిపాడు వంటి ఊళ్ళ అనుభవం ఈ చర్చకు మరో కోణం ఇస్తుంది. కుందూ పరీవాహకంలోని నల్లరేగడి నేల అది. వాన పడితే బండిచక్రం ఇరుసు దాకా దిగబడి, చక్రాల మధ్య బంకమట్టి పట్టుకొని, ఎద్దులు మోకాళ్ళ మీద పడేవి. నంద్యాల స్టేషను చేరడమే ఒక యాత్ర. నంద్యాల, ఎర్రగుంట్ల మధ్య బనగానపల్లె, కోవెలకుంట్ల, సంజామల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా రైలు నడిచింది 2016లో, అంటే నంద్యాలకు రైలు వచ్చిన ఒకటింపావు శతాబ్దానికి. ఆళ్లగడ్డకు నేటికీ స్టేషను లేదు. అయినా ఈ పల్లెల్లో భక్తి కొరవడిందని ఎవరూ అనలేరు. సంక్రాంతి వెళ్ళగానే అహోబిల నరసింహుడే పారువేటకు బయలుదేరి, చెంచులక్ష్మితో తన కల్యాణానికి పిలవడానికి ఆళ్లగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా పల్లెలకు నలభై రోజులు దాటి తిరుగుతాడు. దేవుడే యాత్రికుడయ్యే ఆ సంప్రదాయంలో పల్లకీ మోసే బోయీలకు గౌరవస్థానం ఉంది. మోసేవాడు అక్కడ అందరి కళ్ళ ముందే ఉంటాడు, ఊరు ఆయనకు నీళ్ళిస్తుంది, అన్నం పెడుతుంది.

ఇనుపదారి మోసినవారికి అలాంటి గౌరవం దక్కాలంటే ముందు వారెవరో తెలియాలి. గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట పరిసరాల్లో ఆ పనిలో దిగినవారి మునిమనవలు, వారి ఇళ్ళలో చెప్పుకునే మాటలు ఇంకా మిగిలి ఉండే కాలం ఇది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు కళాశాలలు, దేవస్థానాలు, చదువరులు ఆ ఇళ్ళకు వెళ్ళి, ఆ మాటలను ఇప్పుడే రాసి భద్రపరచాలి.